విల్లుకు నారి దించండి: చెన్నై మ్యూజియంల, ప్రదర్శనల నిర్వాహకులకు ఒక బహిరంగ లేఖ

చెన్నైలో మ్యూజియం గ్యాలరీలు చూసుకునే అధికారులకు, క్యూరేటర్లకు, గిరిజన వస్తు ప్రదర్శనలూ చేతివృత్తుల మేళాలూ పెట్టే సంస్థల పెద్దలకు నమస్కారం.

నేను మేదరి ఇంట్లో పుట్టినవాణ్ని. మా తాతగారు నెల్లూరు వైపు నుంచి వచ్చి ఉత్తర చెన్నైలో స్థిరపడ్డారు. నాన్న నిచ్చెనలు కట్టి, తడికలు, చేటలు, బుట్టలు అల్లి మమ్మల్ని చదివించారు. నేను ఉద్యోగంలో పడ్డాను గానీ వెదురు చీల్చడం మాత్రం మర్చిపోలేదు. దబ్బ చేతికి తగిలితే అది లేతదో ముదురుదో, వానాకాలంలో కొట్టిందో ఎండల్లో కొట్టిందో ఇప్పటికీ చెప్పగలను. మీకు ఈ లేఖ రాయడానికి నాకున్న అర్హత అదొక్కటే.

నేను రాస్తున్నది అడవి మనుషులు వెదురుతో చేసుకున్న వేట సామాను గురించి. చెంచుల విల్లంబులు, యానాదులు చేపల కోసం వాగుల్లో పెట్టే మావులు, పిట్టల మీద మట్టి ఉండలు వేసే ఉండవిల్లులు, వంచి వదిలితే పైకి లేచే ఉచ్చులు. ఇవి నగరంలో గాజు పెట్టెల్లో, గోడల మీద, మేళాల్లో స్టేజీ అలంకరణల్లో కనిపిస్తుంటాయి. వస్తువును కాపాడుతున్నారు, సంతోషం. దాన్ని చేసే విద్యను కూడా కాపాడండి. అందుకోసం అది చేయగలిగినవాళ్లను గురువుల్లాగా పిలిచి, గురువులకిచ్చే డబ్బిచ్చి, మీ పనిలో కూర్చోబెట్టండి. నేను అడిగేది ఇంతే. ఎందుకు అడుగుతున్నానో వివరంగా చెప్పుకుంటాను.

ఈ మధ్య నగరంలో ఒక ప్రదర్శనకు వెళ్లాను. ఎక్కడో చెప్పను, ఎందుకంటే ఇది ఒక్క చోట జరిగేది కాదు. గోడ మీద ఒక చెంచు విల్లు ఉంది. మనిషి భుజమంత ఎత్తు. నారి ఎక్కించి, బిగించి, రెండు మేకుల మీద వేలాడదీశారు. ఎన్నాళ్లుగా అలా ఉందో గానీ విల్లు పొట్ట దగ్గర బాగా వంగిపోయి, ఒక కొన నుంచి జానెడు పొడవున సన్నటి చీలిక వచ్చింది. పైన వార్నిష్ పూశారు. ఆ వార్నిష్ కింద పొయ్యి పొగ పట్టిన గోధుమ రంగు అక్కడక్కడా తొంగి చూస్తోంది. పక్కనే ఉన్న చేపల మావుకు నోరు గోడ వైపు ఉంది. మావు పనితనమంతా నోట్లోనే ఉంటుంది. సన్నటి ఈనెలు లోపలికి వాలి, కొనలు దగ్గరపడి, చేపను రానిచ్చి బయటకు పోనివ్వకుండా ఆపేది అక్కడే. ఆ నోరే కనిపించకపోతే చూసేవాళ్లకు అది ఒక పొడవాటి బుట్ట, అంతే. రెండింటికీ కలిపి ఒకటే చీటీ: గిరిజనుల వేట పరికరాలు, వెదురు.

అదే ప్రాంగణంలో బయట స్టాళ్లలో నల్లమల నుంచి వచ్చిన ఒక చెంచు పెద్దాయన తేనె అమ్ముతున్నాడు. తెలుగు వినపడగానే మాట కలిపాడు. నేను విల్లు సంగతి ఎత్తితే లోపలికి వచ్చి చూశాడు. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత నా వైపు తిరిగి, "పని లేనప్పుడు నారి దించాల గదా సారూ. ఇట్ట ఎక్కించే పెడితే విల్లు సచ్చిపోతది" అన్నాడు. రెండు వేళ్లతో విల్లు వెనక గీరి, "ఇది గట్టి ఎదురు గాదు, బొంగెదురు. ఇది వేటకు జేసింది గాదు, అమ్మకానికి జేసింది" అని కూడా చెప్పాడు. లోపల ఆ వస్తువు గురించి ఎవరికీ తెలియనిది బయట స్టాల్లో కూర్చున్న మనిషికి తెలుసు. ఆయన్ను ఎవరూ అడగలేదు. తేనె అమ్ముకోవడానికి చోటిచ్చారు, అంతవరకే.

ఆయన చెప్పిన ఆ రెండు ముక్కల్లో ఎంత విషయం ఉందో చూడండి. నారి ఎక్కించి ఏళ్ల తరబడి ఉంచితే ఏ విల్లయినా తన బిగువు కోల్పోతుంది. వెదురులో ఆ వంపు శాశ్వతంగా నిలిచిపోతుంది, ఇక బాణాన్ని తోయలేదు. అందుకే వాడని వేళ నారి దించి పెట్టుకుంటారు. ప్రదర్శనలో అందంగా కనిపించాలని మనం చేసే పనే ఆ విల్లును పాడు చేస్తోంది. ఇక వెదురు రకం. మన అడవుల్లో ప్రధానంగా రెండు దొరుకుతాయి. ముళ్ల వెదురు, అంటే ఆయన బొంగెదురు అన్నది, లావుగా, లోపల బోలుగా పెరుగుతుంది. బుట్టలకు, తడికలకు, నిచ్చెనలకు అదే దిక్కు. ఎండ కొండల మీద పెరిగే గట్టి వెదురులో బోలు చాలా తక్కువ, కొన్ని బొంగులు దాదాపు నిండుగానే ఉంటాయి. లాఠీలకు, ఈటె కర్రలకు దాన్నే వాడతారు. నల్లమలలో ఇది విస్తారంగా ఉంది. ఏది దేనికి పనికొస్తుందో తెలియకుండా చీటీ మీద వెదురు అని రాయడం, వంటకం పేరడిగితే బియ్యం అని చెప్పినట్టు ఉంటుంది.

మేదరివాడిగా ఆ విల్లు ముందు నిలబడినప్పుడు నాకు కలిగిన ప్రశ్నలు ఇవి. వెదురు బలమంతా పై తొక్కలో ఉంటుంది, నార అక్కడే దట్టంగా ఉంటుంది. లోపలికి పోయేకొద్దీ మెత్తన. మరి ఈ విల్లులో తొక్క వైపు వేసేవాడి ముఖానికి ఉందా, వేటకు ఎదురుగా ఉందా? ఎందుకలా పెట్టారు? కణుపులు ఎక్కడ పడేలా బద్ద తీశారు? కొనల దగ్గర నారి జారకుండా గాడి కోశారా, చుట్టు చుట్టారా? నారి దేనితో పేనారు? మధ్య భారతంలో భిల్లులు నారి కూడా వెదురు బద్దతోనే చేసుకుంటారు. ఇక్కడ ఏం చేశారు? బాణం కర్రను నిప్పు మీద వేడి చేసి సాపు చేశారా? వేడి తగిలితే వెదురు మెత్తబడుతుంది, చల్లారేదాకా పట్టుకుంటే పెట్టిన ఆకారంలో నిలబడుతుంది, ఇది మాకూ తెలిసిన పనే. కానీ బాణానికి ఎంత వేడి, ఎన్నిసార్లు, ఏ కణుపు దగ్గర అన్నది చేసినవాళ్లు చెప్పాలి. ఈ ప్రశ్నల్లో ఒక్కదానికీ చీటీలో జవాబు లేదు. వస్తువును తయారు చేసేవాడు అన్నిటికంటే ముందు తేల్చుకునేవి ఇవే.

వెదురు కొట్టడంలోనే సగం విద్య ఉంది. వెదురు కొమ్ము నేలలోంచి వచ్చేటప్పుడే దాని లావు ఖాయమైపోతుంది, కొన్ని నెలల్లోనే పూర్తి ఎత్తుకు పెరుగుతుంది. ఆ తర్వాత లావెక్కదు, ముదురుతుంది. మూడేళ్లు నిండని బొంగు ఎండితే ముడతలు పడుతుంది. వానాకాలం కొమ్ములు వచ్చే సమయంలో పొదను ముట్టుకోరు. వెదురులో పిండి పదార్థం ఉంటుంది, దాని కోసమే పురుగు తొలుస్తుంది. తెల్లటి పొడి రాలుతుంటే లోపల పని అయిపోయిందన్నమాట. అందుకే మా ఇళ్లలో కొట్టిన వెదురును నీళ్లలో నానేసేవాళ్లు, పొయ్యి మీద అటకలో పెట్టి పొగ పట్టించేవాళ్లు. అడవి ఊళ్లలోనూ ఇదే పద్ధతి. కొన్ని దశాబ్దాలకు ఒకసారి వెదురు పూస్తుంది, పొదలకు పొదలు ఒకేసారి వెదురు బియ్యం రాల్చి చచ్చిపోతాయి. అప్పుడు మళ్లీ పనికొచ్చే బొంగు దొరకడానికి ఏళ్లు పడుతుంది. ఏ పొద ఎప్పుడు పూసిందో పెద్దవాళ్లకు గుర్తుంటుంది. ఒక బాణం వెనక అడవి గురించి ఇంత జ్ఞాపకం ఉంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఈ విద్య అడవిలోనే బతకొచ్చు గదా, నగరంలో మ్యూజియంకు ఏం సంబంధం అని మీరు అడగొచ్చు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఆయుధం అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలో తుపాకులతోపాటు విల్లంబులు, వలలు, ఉచ్చులు, బోనులు పేరుపేరునా ఉన్నాయి. అభయారణ్యంలోకి ఆయుధంతో అడుగు పెట్టాలంటే రాష్ట్ర చీఫ్ వైల్డ్ లైఫ్ వార్డెన్ నుంచి గానీ అధీకృత అధికారి నుంచి గానీ ముందుగా రాతపూర్వక అనుమతి ఉండాలని 31వ సెక్షన్ చెబుతుంది. నల్లమలలో చాలా భాగం అభయారణ్యం, టైగర్ రిజర్వు. 2006 అటవీ హక్కుల చట్టం సంప్రదాయ హక్కులను గుర్తిస్తూనే వేటను, ఉచ్చులు పెట్టడాన్ని స్పష్టంగా మినహాయించింది. ఈ చట్టాలను తప్పు పట్టడానికి నేను ఈ లేఖ రాయడం లేదు. జంతువులు మిగలాలి, వేట మళ్లీ మొదలు కావాలని నేను కోరను. కానీ ఫలితం ఏమిటో ఒప్పుకుందాం. తన పెంట, అంటే చెంచు గూడెం, పక్కనున్న అడవిలో ఒక చెంచు పిల్లవాడు తాత చేసిన విల్లు పట్టుకుని నడిస్తే కేసు భయం. చేయడం నేర్పే పెద్దలు ఒక్కొక్కరూ వెళ్లిపోతున్నారు. అడవిలో వాడకం ఆగిపోయిన వస్తువు చట్టబద్ధంగా, భయం లేకుండా ఉండగలిగిన చోటు మీ దగ్గరే. అందుకే బాధ్యత మీ మీద పడింది.

అదే 2006 చట్టం మరో మాట కూడా చెప్పింది. జీవవైవిధ్యానికి, సాంస్కృతిక వైవిధ్యానికి సంబంధించిన సంప్రదాయ జ్ఞానం మీద సామూహిక మేధో సంపత్తి హక్కు అడవి సమాజాలకు ఉందని. వెదురును చిన్నతరహా అటవీ ఉత్పత్తుల్లో చేర్చింది కూడా ఆ చట్టమే. ఇక 2017లో భారత అటవీ చట్టాన్ని సవరించి, అడవి బయట పెరిగిన వెదురును చెట్టు అన్న నిర్వచనం నుంచి తీసేశారు. అంటే చెన్నై శివార్లలో ఎవరి తోటలోదైనా గట్టి వెదురు తెచ్చి, ఒక చెంచు పెద్దాయనతో పది మంది పిల్లలకు విల్లు చేయడం నేర్పించడానికి ఏ అడ్డూ లేదు. అది వేట కాదు, చదువు. మీరు ఒక గది ఇస్తే చాలు.

వేట ఆగినా వేట విద్య బతకగలదని మన చెన్నై పక్కనే రుజువైంది. పాము తోళ్ల వ్యాపారం ఆగిపోయి, పాములు పట్టే ఇరుళ తెగవాళ్లకు బతుకు తెరువు పోయినప్పుడు, 1978లో వాళ్ల పాములవాళ్ల సహకార సంఘం మొదలైంది. ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద వడనెమ్మేలి దగ్గర ఇప్పటికీ నడుస్తోంది. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, ఇసుక పింజరలను పట్టి, విషం తీసి, మళ్లీ వదిలేస్తారు. ఆ విషంతో దేశంలో పాముకాటుకు మందు తయారవుతోంది. మట్టి మీద జాడ చూసి ఏ బొరియలో ఏ పాముందో చెప్పే అదే విద్య ప్రాణాలు కాపాడే పనికి మళ్లింది. 2023లో ఇద్దరు ఇరుళ పెద్దలు వడివేల్ గోపాల్, మాసి సడయన్ పద్మశ్రీ అందుకున్నారు. వాళ్లకు గౌరవం దక్కింది వాళ్ల చేతుల్లో ఉన్న విద్యకు. వెదురు విద్యకు అలాంటి దారి ఇంకా ఎవరూ వేయలేదు. ఆటల వైపు చూస్తే రాజస్థాన్ గిరిజన బిడ్డ, విలుకాడు లింబారామ్ చిన్నప్పుడు వెదురు విల్లుతో మొదలుపెట్టి ఒలింపిక్స్ దాకా వెళ్లాడు. దారులు ఉన్నాయి, వేసేవాళ్లు కావాలి.

మన తెలుగువాళ్లకు, తమిళులకు విల్లు పట్టిన అడవి మనిషి కొత్త కాదు. కాళహస్తి కన్నప్పకు ఇక్కడి శివాలయాల్లో కూడా విగ్రహాలున్నాయి. అహోబిలానికి చెన్నై నుంచి ఎంతమంది వెళ్తారో నాకు తెలుసు. నరసింహస్వామి చెంచులక్ష్మిని పెళ్లాడాడని చెంచులు ఆయన్ను అల్లుడిగా చూసుకుంటారు. సంక్రాంతి తర్వాత పారువేట ఉత్సవానికి స్వామి పల్లకి నలభై రోజులకు పైగా ఊళ్లు తిరుగుతుంది, చెంచులు విల్లంబులతో ఎదురొచ్చి పల్లకి వైపు బాణాలు వేస్తారు. ఆ బాణానికి ఏ జంతువూ గురి కాదు. దాని అర్థం వాళ్లకు, ఆ స్వామికి మధ్య ఉన్న చుట్టరికం. ఇంత బతికున్న సంగతి మీ చీటీలో ఒక్క వాక్యంగా కూడా రాకపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

ఈ నగరానికి పాత బాకీ కూడా ఉంది. ఎగ్మోరు మ్యూజియం 1851లో మొదలైంది. దాన్ని చచ్చిన కాలేజీ అనీ, అక్కడే పుట్టిన జంతు ప్రదర్శనశాలను బతికిన కాలేజీ అనీ జనం పిలుచుకునేవారు. ఎడ్గర్ థర్స్టన్ 1885 నుంచి రెండు దశాబ్దాలకు పైగా ఆ మ్యూజియంను నడిపారు. దక్షిణాది కులాల మీద, తెగల మీద 1909లో ఏడు సంపుటాలు వేశారు. ఆయన మనుషుల తలలు, ముక్కులు కొలిచారు. ఆ కాలం పద్ధతి అది. మన కాలం పద్ధతి వేరుగా ఉండాలి. 2007లో ఐక్యరాజ్యసమితి ఆదివాసుల హక్కుల ప్రకటనకు అనుకూలంగా మన దేశం ఓటు వేసింది. తమ వారసత్వం మీద, తమ సాంకేతిక విద్యల మీద అధికారం వాళ్లదేనని అందులో 31వ అధికరణం చెబుతుంది. అమరావతి శిల్పాలు చెన్నైలో ఉన్నాయని మన తెలుగు సంఘాలు ఎన్నోసార్లు గొంతెత్తాయి. అడవి తెలుగువాళ్ల వెదురు సామాను కోసం మేం ఎప్పుడూ నోరు విప్పలేదు. చెన్నై తెలుగు సంఘాల పెద్దలు కూడా ఈ లేఖను తమకు రాసినట్టే చదువుకోవాలి.

ఇంకో విషయం మర్చిపోకూడదు. గోడంతా విల్లులతో నింపితే చూసేవాళ్లకు చెంచులంటే వేటగాళ్లే అనిపిస్తుంది. 1940లో మానవ శాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ నల్లమలలోని అమ్రాబాద్ పీఠభూమిలో వాళ్ల మధ్య ఉండి గమనించిన విషయం వేరు. వాళ్ల తిండిలో ఎక్కువ భాగం గడ్డలు, దుంపలు, పండ్లు. వేట మాంసం తక్కువే. ఇనుప కొన ఉన్న తవ్వుకోలతో ఆడవాళ్లు తవ్వి తెచ్చిన గడ్డలే ఇల్లు నడిపేవి. ఆ తవ్వుకోల, ఆ బుట్ట మీ గోడ మీద ఎందుకు లేవు? బాణం పక్కన అవి కూడా పెట్టండి. అవి చేసినవాళ్లు, వాడినవాళ్లు ఎవరో రాయండి. యానాదుల చేపల మావులు, ఊతలు పెట్టేటప్పుడు కూడా ఏ నీళ్లలో, ఎంత లోతులో, ఏ కాలంలో పెట్టేవారో చెప్పించండి. ఊతకు అడుగు ఉండదు, లోతు తక్కువ నీళ్లలో చేప మీద బోర్లించి పైనుంచి చెయ్యి పెట్టి తీస్తారు. అడుగు ఊడిపోయిన బుట్ట అనుకుని పక్కన పడేసే ప్రమాదం ఉంది.

వెంటనే చేయగలిగినవి కూడా ఉన్నాయి, వాటికి బడ్జెట్ అక్కర్లేదు. విల్లులకు నారి దించి అడ్డంగా పడుకోబెట్టండి, బరువు ఒక్క మేకు మీద పడకుండా. మావు నోరు జనం వైపు తిప్పండి. కొత్తగా వార్నిష్ పూయడం ఆపండి. ఏసీ రోజంతా వేసి రాత్రి ఆపేస్తే వెదురు చీలుతుంది. గాలిలో తేమ ఎక్కువా తక్కువా కాకుండా ఒకేలా ఉంచడం ముఖ్యం. ఒక జాగ్రత్త: పాతకాలంలో మ్యూజియం వస్తువులకు పురుగు పట్టకుండా ఆర్సెనిక్ లాంటి విషాలు పూసేవారు. చేసినవాళ్ల చేతికి ఇచ్చేముందు పరీక్ష చేయించండి, గ్లవ్స్ ఇవ్వండి. వాళ్లు వస్తువును పట్టుకుని చూడకుండా ఏమీ చెప్పలేరు, కాబట్టి పెట్టె తాళం తీయక తప్పదు.

పిలిచే పద్ధతి గురించి కూడా ఒక మాట. బస్సు చార్జీ, భోజనం, శాలువా ఇచ్చి ఫొటో తీయించుకుని పంపడం గౌరవం కాదు. ఇంజనీరును, డాక్టరును ఉపన్యాసానికి పిలిస్తే రోజుకు ఎంత ఇస్తారో అంత ఇవ్వండి. ఏది చూపించాలి, ఏది చూపించకూడదు అన్నది వాళ్లనే తేల్చనివ్వండి. ఉచ్చు పెట్టే కొన్ని పద్ధతులు బయటపడితే దొంగ వేటగాళ్లకు పనికొస్తాయి, ఆ సంగతి వాళ్లకే బాగా తెలుసు. చీటీ మీద చేసినవాళ్ల పేరు, ఊరు వాళ్లు ఒప్పుకుంటే రాయండి. తమిళం, ఇంగ్లీషుతోపాటు తెలుగులో కూడా చీటీ పెట్టండి, ఆ వస్తువు చేసినవాళ్లు మాట్లాడే భాష అది. వాళ్ల పిల్లలు ఎప్పుడైనా చెన్నై వచ్చి ఆ గోడ ముందు నిలబడితే చదువుకోగలగాలి.

ఆదివారాలు నాకు సెలవు. వెదురు సామాను చూసి చీలికలు, పురుగు ఎక్కడున్నాయో గుర్తించే పని వరకు నేను, మా మేదరి పెద్దలు డబ్బు తీసుకోకుండా చేస్తాం. విల్లు గురించి చెప్పడం మాత్రం మా పని కాదు, దానికి నల్లమల నుంచి మనిషి రావాలి. ఆ పెద్దాయన వస్తానన్నాడు. చలికాలంలో అయితే వీలవుతుందని, తన మనవణ్ని కూడా వెంట తెస్తానని చెప్పాడు. మీలో ఎవరు ముందుగా తాళం తీస్తామన్నా ఆయనకు కబురు చేసే బాధ్యత నాది. ఈ లేఖ తమిళ, ఇంగ్లీషు ప్రతులు మీ కార్యాలయాలకు విడిగా పంపుతున్నాను.

ఇట్లు,
చెన్నైలో ఉండే ఒక మేదరి బిడ్డ